అలుగు ఎటుందో అడిగారా?

(శనివారం సాయంత్రం రేడియో ఫోన్-ఇన్. ఈ వారం అంశం: హైదరాబాద్‌లో ఆఫీసుకి అందుబాటులో, చెరువు పక్కన ఇల్లు. స్టూడియోలో అతిథి, నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరైనవారు.)

యాంకర్: మొదటి కాల్ మియాపూర్ నుంచి. చెప్పండమ్మా. ముందు మీ రేడియో కాస్త తగ్గించండి.

శ్రోత: తగ్గించానండి. సార్, నమస్తే. మావారి ఆఫీసు నానక్‌రామ్‌గూడలో. నాది అమీర్‌పేటలో బ్యాంకు ఉద్యోగం. పాప ఒకటో తరగతి. అత్తమ్మ మాతోనే ఉంటారు. ఇప్పుడున్న అద్దె ఇంట్లో కిటికీ తీస్తే పక్కింటి గోడే. మియాపూర్ దాటి లోపలికి వెళ్తే ఒక చెరువు పక్కన ఫ్లాటు చూశాం. తొమ్మిదో అంతస్తు, బాల్కనీలోంచి నీళ్ళు కనిపిస్తాయి. పాప అక్కడి నుంచి కదలనంది. టోకెన్ ఇచ్చేద్దామా అని.

అతిథి: ఎప్పుడు వెళ్ళి చూశారమ్మా?

శ్రోత: మొన్న డిసెంబర్‌లో సార్, ఆదివారం పొద్దున.

అతిథి: డిసెంబర్‌లో, అదీ ఆదివారం పొద్దున, హైదరాబాద్‌లో ప్రతి చెరువూ బాగుంటుంది. నీళ్ళు నిండుగా ఉంటాయి, చలికి వాసన రాదు, రోడ్డు ఖాళీ. మీరు మళ్ళీ రెండుసార్లు వెళ్ళాలి. ఒకసారి ఏప్రిల్ చివర్లో, నీళ్ళు తగ్గి అంచుల్లో నల్లబురద బయటపడ్డాక. ఇంకోసారి జోరున వాన పడిన రోజు.

శ్రోత: ఏప్రిల్ దాకా ఆగితే రేటు పెరుగుతుందంటున్నారు సార్.

అతిథి: అనకపోతే అమ్మకం అవదు కదమ్మా. సరే, ఆగలేరనుకుందాం. ఆ పక్క పాత అపార్ట్‌మెంట్ ఏదైనా ఉందా? అక్కడ మూడు నాలుగేళ్ళుగా ఉంటున్న ఇల్లాలిని ఎవరినైనా పలకరించండి. రెండే అడగండి. వెండి పట్టీలు, కుంకుమ భరిణె ఎన్నాళ్ళకి నల్లబడుతున్నాయి? ఏసీ గ్యాసు ఎన్నిసార్లు నింపించారు? మురుగు కలిసే చెరువు నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది, కుళ్ళిన గుడ్డు వాసన. అది వెండిని నల్లగా చేస్తుంది, ఏసీలో రాగి గొట్టాలని తినేస్తుంది. ముక్కు నాలుగు రోజుల్లో అలవాటు పడిపోతుంది. వెండి అలవాటు పడదు.

యాంకర్: (నవ్వుతూ) ఇది నేను మా ఇంట్లో కూడా చూసుకోవాలి.

అతిథి: చూసుకోండి. ఇంకోటి, గాలి వాటం. వానాకాలంలో మనకి పడమటి గాలి. చెరువుకి తూర్పున ఉన్న ఇంటికి ఆ గాలి నీళ్ళ మీదుగా వస్తుంది. మంచి చెరువైతే అదే వరం. మురుగు చెరువైతే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా తలుపులు మూసుకునే ఉండాలి.

శ్రోత: రెరా నంబరు, అంటే ప్రభుత్వం దగ్గర ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ ఉంది, బ్యాంకు లోన్ కూడా ఇస్తోంది సార్. నేను బ్యాంకులోనే కదా, కాగితాలు చూశాను.

అతిథి: సంతోషం. ఎఫ్‌టీఎల్ మ్యాపు చూశారా?

శ్రోత: అది... బిల్డర్ వాళ్ళు క్లియర్ అన్నారు.

అతిథి: అన్నారు, మీరు చూడలేదు. ఎఫ్‌టీఎల్, ఫుల్ ట్యాంక్ లెవెల్ అంటే చెరువు నిండి అలుగు దూకే ముందు నీళ్ళు ఎంతవరకు నిలుస్తాయో ఆ గీత. అలుగంటే నిండిన చెరువులో ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే చోటు, దాని పైమట్టమే లెక్క. నీళ్ళు ఇవాళ ఎంత లోపలికి తగ్గినా ఆ గీత కదలదు. ఆ గీత నుంచి బఫర్, అంటే ఏమీ కట్టకుండా వదలాల్సిన జాగా, మొదలవుతుంది. పది హెక్టార్లు, అంటే దాదాపు పాతిక ఎకరాలు, ఆ పైన ఉన్న చెరువుకి 30 మీటర్లు. అంతకంటే చిన్న చెరువుకి, కుంటకి 9 మీటర్లు. 2012 బిల్డింగ్ రూల్స్‌లోనే ఉంది ఇది. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక జనానికి తెలిసింది గానీ, గీత కొత్తది కాదు. మీ ఫ్లాటు సర్వే నంబరు తీసుకుని నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపుల్లో మీరే చూడండి. ఆ మ్యాపు ప్రిలిమినరీనా, ఫైనల్ నోటిఫికేషనా అన్నది కూడా చూడండి. ఫైనల్ కాకపోతే మ్యాపులో గీత జరగొచ్చు. పాత గ్రామ నక్షాలో ఆ నంబరు శిఖం భూమి, అంటే చెరువు లోపలి భూమి అని ఉంటే ఇక మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. లోన్ ఇచ్చింది కదా అని...

శ్రోత: ఒక్క నిమిషం సార్, అత్తమ్మ ఫోన్ అడుగుతున్నారు.

అత్తమ్మ: నమస్తే సారూ. మాది సిద్దిపేట దిక్కు. నేను ఆ పిలగాణ్ణి అడిగిన, ఫ్లాటు సూపెట్టేటోణ్ణి. బిడ్డా, చెర్వు కట్ట యాడుంది, అలుగు యాడుందని. అలుగంటే ఏంది ఆంటీ అన్నడు.

అతిథి: (పెద్దగా నవ్వుతూ) అమ్మా, ఈ కుర్చీలో మీరు కూర్చోవాలి. నేను అరగంట నుంచి చెప్పబోతున్నది అదే.

అత్తమ్మ: మా ఊళ్ళె అలుగు దారిల ఎవ్వలు ఇల్లు కట్టరు సారూ. గొడ్లను గూడ కట్టెయ్యరు.

అతిథి: ఇక్కడ కాలనీలు కట్టారమ్మా. హైదరాబాద్ చెరువులు చాలావరకు పొలాలకి నీళ్ళిచ్చిన గొలుసుకట్టు చెరువులు. పైది నిండితే అలుగు దూకి కింద చెరువులోకి పోవాలి. ఆ మధ్య దారి ఇప్పుడు నాలా, కొన్నిచోట్ల నాలా కూడా కాదు, సీసీ రోడ్డు. కట్ట కింద ఉన్నది ఒకప్పటి ఆయకట్టు, తూము నీళ్ళు పారిన మడి. అక్కడ సెల్లార్ తవ్వితే ఊట ఊరక ఏమవుతుంది? సెల్లార్‌లో మోటారు పెట్టి రోజూ నీళ్ళు తోడుతున్నారంటే మీరున్నది మడిలోనే. అమ్మా, మళ్ళీ వెళ్ళినప్పుడు మీరూ వెళ్ళండి. అలుగు చూశాకే టోకెన్.

శ్రోత: సార్, రాకపోకల సంగతి? మావారికి ఔటర్ రింగ్ రోడ్డు ఉంది. నాకు మియాపూర్ మెట్రో అమీర్‌పేటకి నేరుగా ఉంది.

అతిథి: మెట్రో ఎక్కాక ఫరవాలేదు. ఆ చెరువు దగ్గర నుంచి స్టేషన్ దాకా ఎలా వస్తారు? మంగళవారం పొద్దున ఎనిమిదింపావుకి ఆ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నుంచి బయల్దేరి చూడండి. బండి పార్కింగ్ దొరికి ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి ఎంతైందో రాసుకోండి. మీవారు కూడా అదే రోజు. సాయంత్రం వానలో తిరిగి రావడం కూడా. పాప స్కూలు మార్చాలా? మార్చకపోతే బస్సు ఎన్నింటికి వస్తుంది? నా లెక్క ఒక్కటేనమ్మా. ఇద్దరిలో ఎవరూ పాప నిద్రపోకముందు ఇల్లు చేరలేకపోతే, ఆ నీళ్ళు చూసేది అత్తమ్మ ఒక్కరే.

అత్తమ్మ: నాకేం వద్దు సారూ, నేను సూసిన నీళ్ళే.

యాంకర్: థాంక్యూ అమ్మా. తర్వాతి కాల్, పాతబస్తీ వైపు నుంచి. చెప్పండి సార్.

శ్రోత: నేను రిటైర్డ్ టీచర్నండి. 2020 అక్టోబర్‌లో మా ఇంట్లోకి నడుము లోతు నీళ్ళొచ్చాయి. పైన చెరువు పొంగింది. బియ్యం డ్రమ్ము తేలింది, మా ఆవిడ సర్టిఫికెట్లు పోయాయి. మాకు అమ్మిన ఆయన అప్పుడు ఎండాకాలంలో చూపించాడు, ఎదురుగా పెద్ద మైదానం. క్రికెట్ ఆడుతున్నారు పిల్లలు. ఇప్పుడు ఎవరూ కొనరు, మేం వెళ్ళలేం.

అతిథి: పేర్లు చెప్పకుండా చెప్పారు, మంచిది. మాస్టారూ, అమ్మే ఆలోచన పక్కన పెట్టండి. ముందు ఈ వానాకాలం గడవాలి. మే నెలలోనే కాలనీ వాళ్ళంతా కలిసి నాలా పూడిక గురించి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. కరెంటు మీటరు, ఇన్వర్టరు, ఫ్రిజ్ ప్లగ్గు, ఇవన్నీ ఆ నీళ్ళ గుర్తు కంటే పైకి ఎత్తించండి. గోడ మీద ఆ మరక ఇంకా ఉందా?

శ్రోత: సున్నం వేసినా కనిపిస్తుందండి.

అతిథి: దాని మీద సున్నం వేయకండి. ఒక గీత గీసి తేదీ రాసి పెట్టండి. మున్సిపాలిటీ వాళ్ళొచ్చినప్పుడు అదే చూపించండి. పత్రాలన్నీ స్కాన్ చేయించి...

(లైన్ కట్ అయింది.)

యాంకర్: మాస్టారు, వీలైతే మళ్ళీ చేయండి. విశాఖ నుంచి ఒక కాల్.

శ్రోత: సార్, నాకు రుషికొండలో ఉద్యోగం. బీచ్ రోడ్డు మీద ఫ్లాటు అద్దెకి తీసుకుందామని. పెళ్ళై ఏడాది.

అతిథి: అద్దెకే కదా, తీసుకో నాయనా. ఈ వయసులో కాకపోతే ఎప్పుడు? మొదటి వరసలో కాకుండా రెండు వీధులు వెనక్కి చూడు. ఉప్పుగాలికి గేటు బందులు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ తుప్పు పడతాయి. బోరు నీళ్ళు నాలిక మీద వేసుకుని చూడు. కిటికీలకి అద్దాల తలుపులు ఒక్కటేనా, బయట రెక్కలున్నాయా అడుగు. 2014 హుద్‌హుద్ నాడు ఆ ఇంటికి ఏమైందో వాచ్‌మన్ చెబుతాడు, ఓనర్ చెప్పడు.

యాంకర్: సార్, మీరెక్కడుంటారు? శ్రోతలు మెసేజ్ పెట్టారు.

అతిథి: సఫిల్‌గూడ చెరువుకి నడిచి వెళ్ళేంత దూరంలో. పొద్దున ఒక చుట్టు తిరిగొస్తాను. ఇల్లు మాత్రం మిట్ట మీద. వినాయక నిమజ్జనం రోజుల్లో ఆ డప్పులు మా వీధికి సగమే వినిపిస్తాయి.

యాంకర్: ఒక్క నిమిషమే ఉంది. ఇందాకటి మియాపూర్ అమ్మాయే మళ్ళీ లైన్లో ఉన్నారు.

శ్రోత: సార్, ఫోన్లో శాటిలైట్ మ్యాపు తీశాం. అత్తమ్మ కట్ట గుర్తుపట్టారు. దాని చివర, అలుగు ఉండాల్సిన చోట, వాళ్ళ క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్ ఉన్నాయి.

అతిథి: టోకెన్ ఇచ్చారా?

శ్రోత: లేదు సార్. రేపు ఇద్దామనుకున్నాం. మావారు ఇంకో ప్రశ్న అడగమన్నారు, బఫర్ అయిపోయాక ఎన్ని మీటర్లు...

యాంకర్: వార్తల టైమైందమ్మా, క్షమించాలి. వచ్చే శనివారం మీరే మొదటి కాల్.