ఏసీలో గ్యాస్ ఎందుకు తగ్గుతుంది? ఒక చెన్నై టెక్నీషియన్‌తో కబుర్లు

హోస్ట్: నమస్కారం. చెన్నైలో కత్తిరి ఎండలు మొదలయ్యాయి. తిరువాన్మియూరు, బీసెంట్ నగర్ వైపు ఏళ్లుగా ఏసీ పని చేస్తున్న అన్న ఇవాళ మనతో ఉన్నారు. అన్నా, "గ్యాస్ అయిపోయినట్టుంది, కాస్త నింపి వెళ్లండి" అని చాలా ఇళ్లలో అంటారు కదా?

టెక్నీషియన్: అంటారు తమ్ముడూ, మనవాళ్లూ నింపేసి వచ్చేస్తారు. నాకు బాధ కలిగించేది అదే. బండిలో పెట్రోలులా ఏసీలో గ్యాస్ ఖర్చు కాదు. గదిలోని కాయిల్‌లో ద్రవం ఆవిరవుతూ వేడి లాక్కుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ నొక్కి బయటి కాయిల్‌కి పంపితే, అక్కడ వేడి వదిలేసి మళ్లీ ద్రవమవుతుంది. క్యాపిలరీ అనే సన్నని గొట్టం దాటగానే ప్రెషర్ పడిపోయి చల్లబడుతుంది. ఈ చుట్టులో తరిగేదేమీ లేదు. గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో లీకుంది.

హోస్ట్: సముద్రం పక్కన లీకులు ఎక్కువా?

టెక్నీషియన్: ఉప్పుగాలి కాయిల్‌ని తొందరగా తినేస్తుంది. కానీ నేను ముందు పైపులు కలిపే ఫ్లేర్ నట్లు చూస్తాను. కంప్రెసర్ ఆయిల్ గ్యాస్‌తో పాటే తిరుగుతుంది కాబట్టి, జిడ్డు కనిపించిన చోట అనుమానించాలి. తర్వాత రెగ్యులేటర్ పెట్టి నైట్రోజన్ ఎక్కించి, జాయింట్లకు సబ్బు నురగ రాయాలి. నైట్రోజన్ లేదని ఆక్సిజన్ మాత్రం ఎక్కించకూడదు. ఆ ప్రెషర్‌లో ఆయిల్‌తో కలిస్తే పేలుతుంది, ప్రాణాలు పోతాయి. నా దగ్గర చేరిన ప్రతి కుర్రాడికీ మొదటి రోజే ఈ సంగతి చెబుతాను.

హోస్ట్: లీకు మూసేశాక గ్యాస్ ఎక్కించేయొచ్చా?

టెక్నీషియన్: ముందు వ్యాక్యూమ్, అంటే పంపుతో పైపులోని గాలి, తేమ లాగేయాలి. కొంచెం గ్యాస్ వదిలి పైపులోని గాలిని తోసేసే అలవాటు ఇంకా ఉంది. దానితో గాలి పూర్తిగా పోదు, తేమ అసలే పోదు. ఆ తేమ ఆయిల్‌తో కలిసి యాసిడ్ అవుతుంది, కంప్రెసర్ మోటారులోని తీగచుట్ట (వైండింగ్) కాలిపోతుంది. 30 డిగ్రీల నీళ్లు మరగాలంటే పైపులో ప్రెషర్ సుమారు 32 మిల్లీమీటర్ల పాదరసానికి దిగాలి. మనం ఇంకా చాలా కిందికి, 500 మైక్రాన్లకు, అంటే అర మిల్లీమీటరుకు దించుతాం. అప్పుడు వాల్వ్ మూసి మైక్రాన్ గేజ్ చూడాలి. ముల్లు కాస్త పెరిగి ఆగితే తేమ మిగిలుంది. ఆగకుండా పెరుగుతూనే ఉంటే లీకు మిగిలుంది. తొందర ఉన్న రోజు కూడా నేను ఈ పని వదలను.

హోస్ట్: గ్యాస్ ఎంత ఎక్కించాలో ప్రెషర్ గేజ్ చెప్పేస్తుందా?

టెక్నీషియన్: ఇన్వర్టర్ ఏసీల్లో కంప్రెసర్ వేగం మారుతూ ఉంటుంది, ప్రెషర్ కూడా దానితోపాటే మారుతుంది. అందుకే మొత్తం గ్యాస్ తీసేసి, నేమ్‌ప్లేట్ మీద రాసిన గ్రాముల లెక్కన త్రాసు మీద తూచి ఎక్కించాలి. పాత ఏసీల ఆర్-22 గ్యాస్‌కి వాడిన గేజ్ సెట్టు కొత్త ఏసీల ఆర్-32 గ్యాస్‌కి వాడొద్దు. 40 డిగ్రీల దగ్గర ఆర్-22 ప్రెషర్ సుమారు 210 పీఎస్ఐ ఉంటే, ఆర్-32ది 340 దాటుతుంది.

హోస్ట్: ఆర్-32 అంటుకుంటుందటగా?

టెక్నీషియన్: కొంచెం అంటుకునే రకం. కిటికీలు తీసి పని చేయాలి, పైపులో గ్యాస్ ఉండగా బ్రేజింగ్, అంటే మంటతో పైపులు అతికే పని, పెట్టకూడదు.

హోస్ట్: మరి తీసిన పాత గ్యాస్?

టెక్నీషియన్: గాలిలోకి వదలొద్దు. ఆర్-32 ఓజోన్ పొరకు హాని చేయదు కానీ, ఒక కిలో వదిలితే వందేళ్ల లెక్కలో సుమారు 675 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత వేడి పెంచుతుంది. రికవరీ మెషిన్‌తో సిలిండర్‌లోకి లాగాలి, అది కూడా 80 శాతం దాకానే. మధ్యాహ్నం ఎండలో బండి మీద పెట్టిన సిలిండర్‌లో ద్రవం వ్యాకోచిస్తుంది. లోపల ఖాళీ లేకపోతే సిలిండరే పగలొచ్చు.