ఎనభయ్యేడేళ్ళ తండ్రి

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, గ్రంథపాలకురాలు గారికి, వెనక నిలబడ్డ పిల్లలకి... అందరి పేర్లూ చదివితే నాకిచ్చిన పావుగంట అక్కడే సరి. గ్రంథాలయ వారోత్సవాలు కదా, పుస్తకపఠనం మీద మాట్లాడమన్నారు. నేనచ్చేసిన తప్పుడు పుస్తకం గురించి చెబుతాను.

మా అమ్మాయి పెళ్ళికి మా వంశవృక్షం అచ్చేయించి తాంబూలంతో పాటు పంచాను. భోజనాల దగ్గర మా మేనత్త కేకేసింది. "ఒరే, మా తాతకి ఎనభయ్యేడో ఏట మా నాన్నని పుట్టించావేంట్రా!"

జరిగిందేమిటంటే, మా ముత్తాతకి ఆయన తాత పేరే పెట్టారు. మనకది మామూలే. ముత్తాత జాతకంలో పుట్టిన సంవత్సరం "రుధిరోద్గారి" అని ఉంది. 1860ల నాటి ఇనాం రిజిస్టరు, అంటే మాన్యం భూముల చిట్టా, దాని నకల్లోనూ ముత్తాత పేరే కనబడింది. ఇంకేం, ఇద్దరినీ ఒక్కడిని చేసి 1803లో పుట్టాడని రాసేశాను. రుధిరోద్గారి అరవయ్యేళ్ళకోసారి వస్తుందని తెలిసుండీ! ముత్తాత పుట్టింది 1863లో. ఇనాం నాటికి ఆయన ఉయ్యాల్లో ఉండి ఉంటాడు. మా తాతేమో 1890లో పుట్టాడు. తీసివేత కూడా చెయ్యలేదండీ నేను.

అత్త అంతటితో ఊరుకోలేదు. "ఇద్దరి పెళ్ళాలూ వేరే కదరా, వాళ్ళ పేర్లు చూసుకోలేదూ?" అంది. చూడ్డానికి ఉంటేగా! నా వృక్షంలో కొమ్మలన్నీ మగవాళ్ళే.

అందుకని మీరు మొదలెడితే బతికున్న పెద్దవాళ్ళతో మొదలెట్టండి. ఎప్పుడు పుట్టావని అడక్కండి. "1977 ఉప్పెనకి నీ పెద్దాడు నడుస్తున్నాడా?" అనడగండి, టక్కున చెబుతారు. ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో పక్కన రాసుకోండి. బడి సర్టిఫికెట్టుని నమ్మకండి. ఈ హాల్లో జూన్ 1నో జూలై 1నో పుట్టినవాళ్ళు చేతులెత్తండి... చూశారా!

పెద్దకర్మ చేయించిన పురోహితుణ్ణి కూడా అడగండి. తర్పణాల్లో అమ్మ, నాయనమ్మ, ఆవిడ అత్తగారు, ముగ్గురి పేర్లూ చెప్పాలి. ఆ ఆచారం లేని ఇళ్ళల్లో దస్తావేజులు వెతకాలి. ఈసీ అంటే ఆస్తి లావాదేవీల చిట్టా, అది ఆన్‌లైన్లో 1983 దాటి వెనక్కి పోదు, పాతవాటికి రిజిస్ట్రారాఫీసు మెట్లెక్కాల్సిందే. నన్ను ఓ ఆఫీసులో నాలుగు నెలలు తిప్పారు, సరే, అదిప్పుడెందుకు. తెలంగాణ వైపు వాళ్ళకి 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఊళ్ళో ఏ భూమి ఎవరిదో రాసిన రికార్డు, ఉంది. మరి సెంటు భూమి లేనివాళ్ళ పేరు ఏ పహాణీలో ఉంటుంది?

ఒక చిత్రం వినండి. 1860 నుంచి 1911 దాకా మద్రాసులో ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నాతాల్ చెరకు తోటలకి వెళ్ళిన కూలీలకి నంబరు, తండ్రి పేరు, ఊరు, ఒంటిమీది మచ్చతో సహా రాసుకున్నారు. ఆడకూలీలకీ రాశారు. తోటల్లో దొరలు వాళ్ళనెలా చూశారన్నది వేరే సంగతి. ఇంట్లో మనవాళ్ళకి అన్నం వండిపెట్టిన మనిషి పేరు మాత్రం మనమెక్కడా రాయలేదు.

మా ముత్తవ్వ పేరు చివరికి పసుపుకుంకుమ కింద ఆవిడకి పుట్టింటివాళ్ళిచ్చిన ఎకరం దస్తావేజులో దొరికింది. ఫలానావారి భార్య, ఫలానావారి కుమార్తె అని, పుట్టింటి పేరుతో సహా. ఆ కాగితం మీద రాతగాడి చెయ్యి తప్ప మావాళ్ళెవరి చెయ్యీ పడలేదు.

గంట కొట్టారు, కూర్చుంటాను. ఆ పుస్తకాలు ఇంకా నలభై మా అటక మీద ఉన్నాయి. కావాల్సినవాళ్ళు రండి, సవరణ చీటీ అంటించి ఇస్తాను.