ఇంగ్లిష్ నుడికారానికి సముద్రపు గాలి

అందరికీ నమస్కారం.

ఆఫీసు మెయిళ్లలో మనం తెగ వాడేసే ‘బై అండ్ లార్జ్’తో మొదలుపెడతాను. ‘మొత్తం మీద’ అనే అర్థంలో చకచకా టైప్ చేసేస్తాం. ఇందులో ‘బై’ ఏమిటి, ‘లార్జ్’ ఏమిటి అని ఎవరైనా అడిగితే మాత్రం నీళ్లు నములుతాం.

ఇది తెరచాప ఓడలవాళ్ల మాట. గాలికి వీలైనంత ఎదురుగా ఓడను నడపడం ‘బై ద విండ్’. గాలి వెనకనుంచి అనుకూలంగా వీస్తుంటే సాగిపోవడం ‘లార్జ్’. ఈ రెండు తీరుల్లోనూ నడిచేదంటే ఏ గాలికైనా పనికొచ్చే ఓడే. 17వ శతాబ్దంలో నావికుల నోట ఉన్న ఈ మాట తర్వాత ఒడ్డెక్కి, ‘స్థూలంగా చూస్తే’ అనే అర్థంలో స్థిరపడింది.

అవాక్కవడం అనే అర్థంలో వాడే ‘టేకెన్ అబ్యాక్’ కూడా అక్కడిదే. గాలి ఉన్నట్టుండి దిశ మార్చి ముందునుంచి కొడితే, తెరచాపలు వెనక్కి వచ్చి వాటిని మోసే స్తంభాలకు అతుక్కుపోతాయి. పరుగెడుతున్న ఓడ ఠక్కున ఆగుతుంది. గాలి మరీ జోరుగా ఉంటే స్తంభాలే విరగొచ్చు. అందుకే ఈ మాటలో ఆశ్చర్యంతో పాటు కాస్త దెబ్బ తిన్న భావం ఉంటుంది. బాస్ మెయిల్లో మాట తీరు చూసి అవాక్కయితే వాడండి. ప్రమోషన్ వచ్చిందని తెలిసినప్పుడు మాత్రం అంతగా నప్పదు.

‘త్రీ షీట్స్ టు ద విండ్’ అంటే ఫుల్లుగా తాగి ఉన్నాడని. షీట్ అంటే తెరచాప అనుకుంటారు చాలామంది. కాదు, చాప కింది మూలను బిగించి పట్టే తాడు. ఆ తాళ్లు వదులైతే చాపలు టపటపా కొట్టుకుంటాయి, ఓడ అదుపు తప్పుతుంది. ఇది స్నేహితుల కబుర్లకే. క్లయింటు గురించి రాసే మెయిల్లో వద్దు.

ఓడల పేరు చెప్పి చెలామణీ అయ్యే కట్టుకథలూ ఉన్నాయి. దర్జాగా ఉండేదాన్ని చెప్పే ‘పోష్’ సంగతే చూడండి. ఇంగ్లండ్ నుంచి ఇండియాకు వచ్చే డబ్బున్న దొరలు ఎండ తగలకుండా వచ్చేటప్పుడు ఎడమవైపు, వెళ్లేటప్పుడు కుడివైపు గదులు తీసుకునేవారట. వాళ్ల టికెట్ల మీద ముద్ర వేసిన ‘పోర్ట్ ఔట్, స్టార్‌బోర్డ్ హోమ్’ మొదటి అక్షరాలే పోష్ అయ్యాయట! వినడానికి భలే ఉంటుంది. కానీ ఆ ముద్ర ఉన్న టికెట్టు ఒక్కటీ ఇంతవరకూ బయటపడలేదు. మొదటి అక్షరాలు కలిపి అల్లిన ఇలాంటి కథ వాట్సాప్‌లో కనిపిస్తే, ఫార్వర్డ్ చేసే ముందు ఒక మంచి డిక్షనరీ తెరిచి చూడండి.