ఆటోనగర్‌లో నా పిస్టల్ పంచాయితీ

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? వెనకాల సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి కదా, కాస్త ఓర్చుకోండి. విజయవాడ ఆటోనగర్‌లో మా మావయ్య షాపులో ఉన్నాను. లారీల కమాన్ కట్టలు బాగుచేస్తాడాయన. ఎండకి ఫోన్ వేడెక్కి ఇప్పటికే ఒకసారి ఆగిపోయింది. పునుగులు మాత్రం వచ్చేశాయి, తింటూ మాట్లాడుకుందాం.

పోయినేడాది ఇదే బల్ల దగ్గర కూర్చుని మావయ్యకి నా గోడు చెప్పుకున్నాను. డాలస్‌లో నాకో 9 ఎంఎం పిస్టల్ ఉంది. గ్రీన్ కార్డ్ వచ్చాకే కొన్నాను. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు తొందరపడకండి, హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప అక్కడి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. శనివారం రేంజ్‌కి వెళితే కొన్ని రౌండ్లు, అంటే తూటాలు, బాగా పేలేవి, ఉన్నట్టుండి ఒకటి ముక్కు కిందికి వేలాడేసి సగంలో ఇరుక్కునేది. పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ కదిలే స్లైడ్ మూసుకునేది కాదు.

నేనేం చేశానంటే, స్లైడ్‌ని ముందుకి తోసే రీకాయిల్ స్ప్రింగ్ కొత్తది వేశాను, తూటాల బ్రాండ్ మార్చాను, ఆయిల్ మార్చాను. మూడూ ఒకే రోజు! ఆ వారం ఒక్కసారి కూడా ఆగలేదు. ఇంటికొచ్చి మా ఆవిడ దగ్గర గొప్పలు కూడా పోయాను. పై వారం మళ్లీ మొదలు.

మావయ్య అంతా విని, బిల్లులు కుట్టే స్టేప్లర్ తీశాడు. పైమూత ఎత్తి చూపించాడు. లోపల పిన్నుల వరస, వెనకాల స్ప్రింగు. "ఇది ఎప్పుడు ఇరుక్కుంటుందిరా? నిండుగా ఉన్నప్పుడా, అయిపోవచ్చినప్పుడా?" అన్నాడు. అయిపోవచ్చినప్పుడే. అప్పటికి స్ప్రింగు సాగిపోయి, తోసే బలం తగ్గిపోతుంది. చివరి పిన్ను అడ్డం తిరుగుతుంది.

"మరి నీ తుపాకీకి డబ్బాలెన్ని?"

"తూటాలు పెట్టే మ్యాగజైన్లు మూడు మావయ్యా."

"ఏ డబ్బాతో ఆగింది?"

నా దగ్గర సమాధానం లేదు. మూడూ ఒకేలా ఉంటాయి, చేతికొచ్చింది పెట్టేసేవాణ్ణి.

పిస్టల్ లోపల జరిగేది కూడా దాదాపు అదే. పేలిన వెంటనే స్లైడ్ వెనక్కి వెళ్లి ఖాళీ కేసును, అంటే తూటా తొడుగును, బయటికి విసిరేస్తుంది. తిరిగి ముందుకొస్తూ మ్యాగజైన్‌లో పైన ఉన్న రౌండును తోసి, తూటా పేలే గది అయిన ఛాంబర్‌లోకి ఎక్కిస్తుంది. స్లైడ్ వచ్చేలోపే కిందున్న రౌండు పైకి లేచి సిద్ధంగా ఉండాలి. ఆ లేపే పని మ్యాగజైన్ స్ప్రింగుది. అది నీరసపడితే రౌండు ఆలస్యంగా లేస్తుంది, ముక్కు వెళ్లి ఛాంబర్ ముందుండే వాలు, అదే ర్యాంపుకి గుద్దుకుంటుంది.

డాలస్ వెళ్లగానే మా ఆవిడ నెయిల్ పాలిష్‌తో మ్యాగజైన్లకి 1, 2, 3 అని నంబర్లు వేశాను. ఒకే పెట్టెలో తూటాలు, ఒకే చెయ్యి. ఒక్కోదానితో ఐదు సార్లు, సారికి పదిహేను చొప్పున, మొత్తం 225 రౌండ్లు. ఒకటి, మూడు ఒక్కసారి కూడా ఆగలేదు. రెండో నంబరు మాత్రం ఆరుసార్లు ఆగింది, దాదాపు అన్నీ చివరి నాలుగైదు రౌండ్ల దగ్గరే. ఆ "బాగైపోయిన" వారం నేను రెండో నంబరును ఇంట్లో మర్చిపోయి వెళ్లాను, అంతే!

ఇంకో మెట్టు మావయ్యే చెప్పాడు: స్ప్రింగులు అటూ ఇటూ మార్చి చూడమని. రెండో దాని స్ప్రింగు ఒకటో దాంట్లో వేస్తే రోగం ఒకటో దానికి వచ్చింది. రెండూ బల్ల మీద పక్కపక్కన పెడితే రెండోది అర అంగుళం పొట్టి. కొత్తది పది డాలర్ల లోపే. అంతకుముందు తగలేసింది ఎంతో నేను చెప్పను, మా ఆవిడ ఈ వీడియో చూస్తుంది.

అన్ని జబ్బులూ స్ప్రింగువే కావండోయ్. ఖాళీ కేసు ఛాంబర్‌లోనే ఉండిపోయి వెనక ఇంకోటి వచ్చి గుద్దితే కేసును పట్టి లాగే కొక్కెం, అదే ఎక్స్‌ట్రాక్టర్ వైపు చూడాలి. మణికట్టు వదులుగా పట్టినా స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్లదు. గుండ్రటి ముక్కు తూటాలు వెళ్లి, ముక్కు దగ్గర గుంట ఉండే హాలో పాయింట్లు మాత్రమే ఆగుతుంటే తప్పు స్ప్రింగుది కాకపోవచ్చు.

ఒక భయం కథ. ఇరుక్కున్న రౌండునే తీసి మళ్లీ మళ్లీ ఎక్కించేవాణ్ణి. ఒక రోజు పక్కన కొత్తదాన్ని పెట్టి చూస్తే పాతది పొట్టిగా ఉంది. ర్యాంపుకి గుద్దుకుని గుద్దుకుని, తూటా కొసనుండే బుల్లెట్ కేసులోపలికి దిగిపోయింది. అలాంటిది పేలిస్తే లోపల ప్రెషర్ ప్రమాదకరంగా పెరుగుతుంది. రేంజ్ ఆఫీసర్ చూసి, మాట్లాడకుండా తీసుకెళ్లి చెడిపోయిన తూటాల డబ్బాలో వేశాడు. ఇంట్లో విప్పేటప్పుడు కూడా ముందు మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి ఆపి, ఛాంబర్‌లోకి కంటితో చూసి, వేలితో తడిమి చూడండి. తూటాలు వేరే గదిలో ఉండాలి.

ఆ పాత స్ప్రింగు తెచ్చి చూపించమన్నాడు మావయ్య. తేలేదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం ఇక్కడ ఆయుధమంటే దాని భాగాలు కూడా. ఎయిర్‌పోర్టులో స్ప్రింగు గురించి ప్రవచనం చెప్పే ఓపిక నాకు లేదు.

ఇదిగో, ఇప్పుడే ఒక లారీ డ్రైవర్ బిల్లు కోసం వచ్చాడు. మావయ్య స్టేప్లర్ నొక్కాడు, పిన్ను అడ్డం తిరిగింది. బల్లకేసి రెండు కొట్టి నా వైపు చూశాడు: "దీనికి తేలేదేంరా నెయిల్ పాలిష్?"