వెల్‌నెస్ కౌన్సెలర్ ఎక్కడ ఆగాలి?

నమస్కారం. ఒక మనిషి కౌన్సెలర్ ఎదుట కూర్చుని ఇలా అంటున్నాడనుకోండి: "మూడు నెలలుగా ఒకటే నీరసమండీ. పొద్దున లేవబుద్ధి కావడం లేదు. బరువు పెరుగుతున్నాను. ఏ పని మీదా మనసు నిలవడం లేదు. నాలో మోటివేషన్ పోయింది, మీరే ఏదన్నా చెప్పాలి."

దీనికి కౌన్సెలర్ ఏమంటారన్నదే అసలు సంగతి. పని తెలియనివాళ్లయితే వెంటనే మొదలుపెట్టేస్తారు: తెల్లవారుజామున లేవండి, ధ్యానం చేయండి, ఫోన్ పక్కన పెట్టండి. తెలిసినవాళ్లు మాత్రం ముందు ఇలా అడుగుతారు: "డాక్టర్‌కి చూపించుకున్నారా? రక్తపరీక్ష చేయించుకుని ఎన్నాళ్లయింది?" ఎందుకంటే ఆయన చెప్పిన లక్షణాలన్నీ థైరాయిడ్ సరిగా పనిచేయకపోయినా వస్తాయి, డిప్రెషన్‌లోనూ వస్తాయి. రక్తహీనత ఉన్నా ఒంట్లో ఓపిక ఉండదు. అవేవీ చూడకుండా ఉత్సాహపరిచే మాటలతో నెలలు గడిపేస్తే, నష్టపోయేది ఆ మనిషే.

అందుకే నేను గట్టిగా నమ్మే మాట ఒకటుంది. వెల్‌నెస్ కౌన్సెలర్‌కి తన పని ఎంత బాగా తెలిసుండాలో, తనది కాని పని ఏదో కూడా అంత బాగా తెలిసుండాలి. జబ్బు పేరు చెప్పడం తన పని కాదు. మందు రాయడం కాదు. "ఆ మాత్రలు మెల్లగా మానేయండి" అనడం అసలే కాదు. డిప్రెషన్ మందులు గానీ బీపీ మందులు గానీ డాక్టర్ ప్రమేయం లేకుండా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు.

మరి తన పని ఏది? నిద్ర, టెన్షన్, కదలిక, అలవాట్లు, మనుషులతో సంబంధాలు. ఆరోగ్యమంటే జబ్బు లేకపోవడం మాత్రమే కాదని, శరీరం, మనసు, సామాజిక జీవితం మూడూ బాగుండడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగం చెబుతుంది. అది అమల్లోకి వచ్చింది 1948లో. కౌన్సెలర్ పనంతా ఆ రోజువారీ జీవితంలోనే ఉంటుంది. పైగా అది సలహాలు గుమ్మరించే పని కూడా కాదు.

మద్యం అలవాటున్నవాళ్లతో ఎలా మాట్లాడాలన్న దాని మీద 1983లో విలియం మిల్లర్ అనే మనస్తత్వవేత్త ఒక వ్యాసం రాశారు. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే పద్ధతి అక్కడి నుంచే పెరిగింది. అందులో నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఒకటుంది. సిగరెట్ మానాలనుకునే మనిషిని, "మానడం మీకెంత ముఖ్యం? సున్నా నుంచి పది లోపు చెప్పండి" అంటారు. ఆయన "అయిదు" అంటాడు. మనమైతే "అయిదేనా?" అనేస్తాం. ఆ మాట అనగానే ఆయన తనను తాను సమర్థించుకోవడం మొదలుపెడతాడు. ఈ పద్ధతిలో అలా కాదు, "అయిదన్నారు. మరి రెండు ఎందుకు అనలేదు?" అని అడుగుతారు. ఆయన కాసేపు ఆలోచిస్తాడు. "మెట్లెక్కితే ఆయాసం వస్తోంది... మా పాప దగ్గరికొస్తే వాసన అంటుంది." మానడానికి కారణాలు ఆయన నోటితో ఆయనే చెప్పుకున్నాడు. కౌన్సెలర్ చేసిందల్లా సరైన ప్రశ్న వేసి, మధ్యలో అడ్డుపడకుండా వినడం.

ఇక గోప్యత. "ఇక్కడ చెప్పింది గడప దాటదు" అని మాట ఇవ్వడం తేలిక. కానీ అది సగం నిజం. ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉందని తెలిస్తే, పిల్లల మీద హింస జరుగుతోందని తెలిస్తే, ఊరుకోవడానికి లేదు. టారాసాఫ్ అనే యువతి హత్య కేసులో 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఈ సంగతే తేల్చింది. ఆమెను చంపాలనుకుంటున్నట్టు నిందితుడు ముందే తన థెరపిస్టుకు చెప్పాడు, ఆమెకు మాత్రం ఎవరూ చెప్పలేదు. అలాంటి ముప్పు నుంచి ఎదుటి మనిషిని కాపాడాల్సిన బాధ్యత థెరపిస్టుకు ఉందని కోర్టు చెప్పింది. చట్టం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. కానీ ఏ పరిస్థితిలో మాట బయటికి వెళ్లాల్సి వస్తుందో మొదటి రోజే, వాళ్లు నోరు విప్పకముందే చెప్పాలి. అన్నీ విన్నాక చెబితే అది నమ్మకద్రోహంలానే ఉంటుంది.

నాకు బాధ కలిగించే విషయం ఇంకొకటుంది. సెషన్ చివర్లో సప్లిమెంట్ డబ్బా చేతిలో పెట్టడం. దాని మీద కమిషన్ వస్తున్నప్పుడు మీ నీరసం గురించి ఆ మనిషి ఇచ్చే సలహాను ఎలా నమ్మాలి? చాలా దేశాల్లో కౌన్సెలర్ అనే బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. బ్రిటన్‌లో కూడా ఆ పేరుకు చట్టరక్షణ లేదు. కాబట్టి మొహమాటపడకుండా అడగండి: ఎక్కడ శిక్షణ తీసుకున్నారు? మీ పనిని ఎవరు పర్యవేక్షిస్తారు? బ్రిటన్‌లోని బీఏసీపీ అనే కౌన్సెలర్ల వృత్తిసంఘం తన అక్రెడిటేషన్ (ప్రత్యేక గుర్తింపు) పొందిన సభ్యులు నెలకు కనీసం గంటన్నర సూపర్‌విజన్ తీసుకోవాలంటుంది. ఎంత అనుభవం ఉన్నా సరే. మంచి కౌన్సెలర్‌కి ఈ ప్రశ్నలకు కోపం రాదు.

మళ్లీ మొదటి మనిషి దగ్గరికి వస్తాను. డాక్టర్ దగ్గరికి పంపి చేతులు దులుపుకుంటే అదీ తప్పే. "రిపోర్ట్ వచ్చాక రండి. ఏ జబ్బు ఉందో లేదో డాక్టర్ గారు చూస్తారు. మందు రాస్తే రోజూ మరిచిపోకుండా వేసుకోవడం, రాత్రి నిద్ర, ఆఫీసులో ఆ టెన్షన్, వాటి సంగతి మనిద్దరం చూద్దాం" అని వచ్చే వారానికి టైమ్ రాసి ఇవ్వాలి.