టార్గెటెడ్ మందుకి గడ్డ అడ్రస్ తెలీదు!

"టార్గెటెడ్ థెరపీ అంటే తూటాలా నేరుగా గడ్డకే తగులుతుందట కదండీ?" ఈ మాట విన్నప్పుడల్లా నాకు చిర్రెత్తుకొస్తుంది. అండాశయ క్యాన్సర్‌కి ఇచ్చే ఓలాపరిబ్‌నే చూడండి. పొద్దున రెండు మాత్రలు, రాత్రి రెండు. మింగాక రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. గడ్డ ఎక్కడుందో దానికేం తెలుసు!

మరి క్యాన్సర్ కణమే ఎందుకు చస్తుంది?

హైదరాబాద్ నుంచి విజయవాడకి కారులో బయల్దేరారు. సూర్యాపేట దాటాక టైర్లో మేకు దిగింది. పంక్చర్ షాపు దొరికితే పది నిమిషాల పని. డీఎన్‌ఏలో ఒక పోగు తెగితే అతికించే పార్ప్ అనే ఎంజైమే ఆ షాపు. పట్టించుకోకుండా పోనిస్తే? టైరు పేలుతుంది, అంటే రెండు పోగులూ తెగుతాయి. అప్పుడిక స్టెప్నీయే గతి. బీఆర్‌సీఏ జన్యువులే ఆ స్టెప్నీ.

ఓలాపరిబ్ దారిపొడుగునా పంక్చర్ షాపులు మూయిస్తుంది. అందరికీ! మామూలు కణాలు తిట్టుకుంటూ స్టెప్నీ వేసుకుని పోతాయి. పుట్టుకతో బీఆర్‌సీఏ జన్యువు కాపీల్లో ఒకటి పాడైనవాళ్లకీ మామూలు కణాల్లో రెండో కాపీ ఉంటుంది. వాళ్ల క్యాన్సర్ కణంలో రెండూ పోయాయి, డిక్కీ ఖాళీ! ఇంకో తమాషా ఏంటంటే, షాపువాడు ఇంటికి పోడు. విప్పిన చక్రం పట్టుకుని రోడ్డు మధ్యలోనే బిగుసుకుపోతాడు. పార్ప్ డీఎన్‌ఏకి అలాగే అతుక్కుపోతుంది, డీఎన్‌ఏని కాపీ చేసే పని అక్కడే ఆగి వెనకంతా ట్రాఫిక్ జామ్. నాకు మహా ఇష్టమైన ముక్క ఇది.

2005లో ల్యాబ్‌లో చూపించిన ఈ కిటుకు, అమెరికాలో మందుగా అనుమతి పొందేసరికి 2014 డిసెంబర్ అయింది. 2018లో సోలో-1 ట్రయల్ ఫలితాలొచ్చాయి. బీఆర్‌సీఏ మ్యుటేషన్ (అంటే ఆ జన్యువు పాడవడం) ఉండి, కీమో పనిచేసినవాళ్లకి రెండేళ్లపాటు ఇచ్చారు. మూడేళ్లకి జబ్బు ముదరనివాళ్లు 60 శాతం. ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 27 శాతమే.

రక్తహీనత, వికారం, నీరసం మాత్రం ఉంటాయి. షాపులన్నీ మూశాక స్టెప్నీ ఉన్నవాడికీ తిప్పలేగా! కొన్ని క్యాన్సర్ కణాలు ఎలాగోలా స్టెప్నీ మళ్లీ సంపాదిస్తాయి కూడా.

టైమైపోతోంది, ఇలాంటివే ఇంకో రెండు మందుల సంగతి గబగబా చెప్పేస్తా. బెవసిజుమాబ్ గడ్డకి కొత్త రక్తనాళాలు పెరగనివ్వదు. మిర్వెటుక్సిమాబ్ ఒంటి మీద ఫోలేట్ రిసెప్టర్ ఆల్ఫా అనే ప్రొటీన్ ఎక్కువున్న కణాన్ని పట్టుకుని లోపల విషం వదులుతుంది. మీరనే తూటాకి కాస్త దగ్గరగా ఉన్నది ఇదే.

ఆఁ, ఇంకోటి. బీఆర్‌సీఏ టెస్ట్ అనగానే "మా అమ్మవైపు ఎవరికీ లేదండీ" అంటారు. పాడైన జన్యువు నాన్న నుంచీ రావచ్చు. మేనత్తల సంగతి, నాయనమ్మ సంగతి కనుక్కుని డాక్టర్‌కి చెప్పండి.