గ్రేహౌండ్ పందేల రేటింగ్ సాఫ్ట్‌వేర్ రివ్యూ: మొదటి మలుపును లెక్కలోకి తీసుకోని అంకె

వీక్షకులందరికీ నమస్కారం. గ్రేహౌండ్ పందేలలో పరుగెత్తే కుక్కలకు వాటి పాత ఫామ్‌ను బట్టి రేటింగ్ ఇచ్చే ఒక సాఫ్ట్‌వేర్ గురించి ఈ రోజు మాట్లాడబోతున్నాను. దీని ధర ఎంత, ఏ ఫోన్లలో పనిచేస్తుంది, ఎన్ని ట్రాకుల సమాచారం ఇస్తుంది అనే వివరాలు ఇతర ఛానళ్లలో మీరు చూసే ఉంటారు కనుక వాటి జోలికి వెళ్లను.

తయారీదారులే దీన్ని ఉచిత చందాతో నాకు పంపారు. వీడియో కింద లింకు పెడితే, దాని ద్వారా చేరే ప్రతి ఒక్కరికీ ఇంత చొప్పున కమిషన్ ఇస్తామని కూడా రాశారు. చందా తీసుకున్నాను, కమిషన్ వద్దన్నాను. ఆ లింకు నొక్కితే సాఫ్ట్‌వేర్ కంటే ముందు ఒక బెట్టింగ్ సైటు తెరుచుకుంటోంది. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించాక మన రాష్ట్రంలో ఆన్‌లైన్ పందెం నేరం. 2025లో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మాత్రమే కాదు, వాటి ప్రచారాన్ని కూడా నిషేధించింది. గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పును చూపించి కుక్కల పందేలకు కూడా అదే వర్తిస్తుందని కొందరు వాదిస్తున్నారు గాని, ఆ తీర్పు గుర్రాల గురించి ఇచ్చినది. అందువల్ల ఈ సాఫ్ట్‌వేర్ పేరు చెప్పను, లింకు పెట్టను. నేను దీన్ని పందెం కాయకుండా, కాగితం మీద అంచనాలు రాసుకుని, తరువాత ఫలితాలతో సరిపోల్చుకుంటూ పరీక్షించాను.

అయినా రివ్యూ ఎందుకంటే, కందుకూరు నుంచి ఒక తమ్ముడు ఇలా రాశాడు: "అన్నా, క్రికెట్‌లో అయితే ఎవరో ఒకరు ఆడిస్తారు, కుక్కకు ఏమీ తెలియదు కాబట్టి అంతా లెక్కే, రేటింగ్ చూసి కాస్తే డబ్బు ఖాయం అంటున్నారు, నిజమేనా?" ఐపీఎల్ పందేల వల్ల అప్పులపాలైన ఇళ్లు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఉన్నాయని మీకూ తెలుసు, నాకూ తెలుసు. కనుక ఆ తమ్ముడికి పూర్తి సమాధానం చెప్పడం అవసరమనిపించింది. పైగా మా బావ లండన్ శివార్లలోని రామ్‌ఫర్డ్ దగ్గర ఉద్యోగం చేస్తాడు. అక్కడి ట్రాకులో జరిగే పందేల కార్డులు పంపుతూ ఉంటాడు. ఆ కార్డులు చదవడం నాకు చాలా ఇష్టమైన పని.

బ్రిటన్‌లో ఈ పందేలు 1926 జులై 24న మాంచెస్టర్‌లోని బెల్ వ్యూ ట్రాకులో మొదలయ్యాయి. ఒక్కో పందెంలో ఆరు కుక్కలు పరుగెత్తుతాయి. లోపలి కంచె పక్కన ఉండే ఒకటో ట్రాప్ (కుక్కను వదిలే పెట్టె) కుక్కకు ఎర్ర జాకెట్, రెండోదానికి నీలం, మూడోదానికి తెలుపు, నాలుగోదానికి నలుపు, అయిదోదానికి నారింజ, ఆరోదానికి నలుపు తెలుపు చారల జాకెట్ వేస్తారు. కార్డులో ప్రతి కుక్క పేరు కింద దాని గత పరుగులు ఒక్కొక్కటి ఒక్కో వరుసలో ఉంటాయి: ఏ తేదీన, ఎంత దూరం, ఏ ట్రాప్ నుంచి, ముగింపు గీతను మొదటిసారి దాటడానికి ఎంత సమయం పట్టింది, ప్రతి మలుపులో ఎన్నో స్థానంలో ఉంది, చివరికి ఎన్ని లెంగ్త్‌ల (లెంగ్త్ అంటే ఒక కుక్క పొడవు) తేడాతో ఓడింది, ట్రాకు ఎలా ఉంది, కుక్క బరువు ఎంత, దారిలో ఏం జరిగింది. ఇంత సమాచారాన్ని ఒక్క వరుసలో ఇమిడ్చిన పద్ధతి నాకు ఎప్పుడు చూసినా ముచ్చటేస్తుంది.

రేటింగ్‌కు పునాది లెక్కగట్టిన సమయం. రామ్‌ఫర్డ్‌లో 400 మీటర్ల పందేన్ని ఒక కుక్క 24.20 సెకన్లలో గెలిచిందనుకోండి. మన కుక్క మూడుంపావు లెంగ్త్‌ల వెనుక మూడో స్థానంలో వచ్చింది. ఒక లెంగ్త్‌కు 0.08 సెకను చొప్పున 0.26 కలిపితే 24.46 అవుతుంది. ఆ రాత్రి ట్రాకు పది పాయింట్లు, అంటే 0.10 సెకను నెమ్మదిగా ఉందని అధికారులు ప్రకటిస్తే ఆ మేరకు తగ్గించి 24.36 అని రాస్తారు. ఈ సాఫ్ట్‌వేర్ చివరి అయిదు పరుగుల సమయాలను తీసుకుని, దగ్గరి తేదీలకు ఎక్కువ విలువ ఇచ్చి, గ్రేడును, అంటే పందెం స్థాయిని బట్టి కొంత సర్దుబాటు చేసి, నూటికి ఇన్ని అని ఒక అంకె చూపిస్తుంది. అదీ 71 అని కాదు, 71.4 అని.

ఆ చుక్క తరువాతి అంకె మీద నాకు చాలా అభ్యంతరం ఉంది. ఎందుకో చెప్పాలంటే మన ఒంగోలు ఎడ్ల బండలాగుడు పోటీని తలచుకోవాలి. అక్కడ పాలపళ్ల విభాగమైనా, ఆరుపళ్ల విభాగమైనా, ఒక్కో జత విడిగా వచ్చి, నిర్ణీత సమయంలో ఎన్ని అడుగులు లాగిందో కొలిపించుకుని వెళ్లిపోతుంది. పక్క జత దాన్ని తోసేది లేదు, దారికి అడ్డం వచ్చేది లేదు. కనుక ఆ అడుగుల లెక్క ఆ జత సత్తువకు నమ్మదగిన కొలత. గ్రేహౌండ్ పందెంలో ఆరు కుక్కలూ ఒకేసారి వదిలిన కొద్ది సెకన్లకే ఒకే మలుపు మీద పడతాయి. జాకీ ఉండడు, కళ్లెం ఉండదు. ఇరుకులోంచి కుక్కను పక్కకు తప్పించేవాడు లేడు. అక్కడ గుద్దుకున్న కుక్క సమయం ఆ కుక్క వేగాన్ని చెప్పదు. ఆ ప్రమాదాన్ని చెబుతుంది.

కార్డు ఈ సంగతిని దాచదు. వరుస చివర ఉండే పొట్టి మాటలే నా దృష్టిలో మొత్తం కార్డుకు ప్రాణం. ఎస్‌ఏడబ్ల్యూ అంటే ట్రాప్ నుంచి ఆలస్యంగా బయటపడింది, ఈపీ అంటే మొదట్లో వేగం చూపింది, సీఆర్‌డీ అంటే ఇరుకున పడింది, సీకే అంటే అడ్డంకి వచ్చి వేగం తగ్గించుకోవలసి వచ్చింది, ఆర్‌ఎల్‌ఎస్ అంటే కంచె పక్కనే పరుగెత్తింది. పైన చెప్పిన 24.36 సెకన్ల కుక్క మొదటి మలుపులో సీకే అని ఉంటే, దాని నిజమైన సత్తా ఆ సమయం కంటే మెరుగైనదని చదివేవాడు అర్థం చేసుకుంటాడు. దానికి ఎదురుగా, ఎవరూ అడ్డు రాని ఖాళీ దారిలో మొదటి నుంచి ముందుండి 24.36 చేసిన కుక్క ఉంటే, రెండింటినీ ఒకే త్రాసులో పెట్టడు. ఈ సాఫ్ట్‌వేర్ పెడుతుంది. రెండింటికీ ఒకే రేటింగ్ ఇస్తుంది. ఆ పొట్టి మాటలు దాని లెక్కలోకే రావు. ఏ పరుగు వల్ల రేటింగ్ తగ్గిందో అంకె మీద నొక్కి చూద్దామంటే అదీ కుదరదు. ఉదయం రేటింగ్ ఎందుకు 71.4, సాయంత్రానికి ఎందుకు 69.8 అయిందో చెప్పని పరికరాన్ని నేను ఎవరికీ సిఫారసు చేయలేను.

ఇంత కోపం రావడానికి కారణం, ఇదే సాఫ్ట్‌వేర్‌లో నాలుగో తెర మీద ఒక అద్భుతమైన విషయం ఉంది. దాన్ని మొదటి మలుపు చిత్రం అనవచ్చు. ఆరు కుక్కలు గీతను మొదటిసారి దాటే సగటు సమయాలను, అవి కంచె పక్కన పరుగెత్తేవా, మధ్యలోనా, బయటివైపా అన్న అలవాటును కలిపి, మొదటి మలుపులో ఏది ఎక్కడ ఉంటుందో జాకెట్ రంగులతో గీసి చూపిస్తుంది. నేను చాలాకాలంగా తెల్లకాగితం మీద స్కేలు పెట్టి చేస్తున్న పని అది.

బావ పంపిన కార్డుల్లో ఒక పందెం చూడండి. ఎర్ర జాకెట్ కుక్క 3.85 సెకన్లకు గీత దాటుతుంది, కంచె వదలదు. నీలం జాకెట్ కుక్కకు 4.00 పడుతుంది. తెల్ల జాకెట్ కుక్క కూడా 3.85 దగ్గరే ఉంటుంది, దానికీ కంచె వైపు జరగడం అలవాటు. 0.15 సెకను అంటే దాదాపు రెండు లెంగ్త్‌లు. కాబట్టి తెల్లది ముందుకు వచ్చి ఎడమకు కోస్తుంది, ఎర్రది తన చోటు వదలదు, వాటి వెనుక నీలానికి దారి మూసుకుపోతుంది. నారింజ జాకెట్ కుక్క బయటివైపే పోయే రకం కనుక దానికి ఈ గొడవతో సంబంధం లేదు. రేటింగ్ ప్రకారం నీలం అన్నిటికంటే పైన ఉంది. చిత్రం మాత్రం దానికి రాబోయే చిక్కును కళ్లకు కట్టింది. తరువాత వీడియో చూస్తే నీలం అక్కడే ఆగి, వెనుకబడింది. ఒక పందెం దేనికీ రుజువు కాదు. కాని పందేన్ని అర్థం చేసుకునే తీరు ఇది. ఇంత మంచి పని చేసిన వాళ్లు దాన్ని నాలుగో తెర మీదకు నెట్టి, దాని ఫలితాన్ని రేటింగ్‌లో కలపకపోవడం నాకు మింగుడుపడలేదు.

మరి రెండు సంగతులు త్వరగా చెబుతాను. కిందటిసారి కంటే బరువు ఒక కిలోకు మించి తేడా వస్తే బ్రిటన్‌లో ఆ కుక్కను పందెం నుంచి తప్పిస్తారు. అంతలోపు తేడాలు కార్డులో ఉంటాయి, ఈ సాఫ్ట్‌వేర్‌లో కనిపించవు. ఆడకుక్కలు ఎదకు వచ్చిన తేదీ కూడా కార్డులో ముద్రిస్తారు, ఎందుకంటే ఆ తరువాతి నెలల్లో వాటి ఫామ్ బాగా మారుతుంది. ఈ సాఫ్ట్‌వేర్ ఆ తేదీని పూర్తిగా తీసేసింది.

ఇక గ్రేడుల విషయం. చెన్నై గిండీ గుర్రప్పందేల పుస్తకాలు చదివిన పాతవారికి రేటింగ్ పెరిగిన గుర్రం ఎక్కువ బరువు మోయాలని గుర్తుండే ఉంటుంది. కుక్క మీద బరువు పెట్టలేరు కాబట్టి, ట్రాకులోని రేసింగ్ మేనేజర్ గెలుస్తున్న కుక్కను పై గ్రేడుకు, ఓడుతున్నదాన్ని కింది గ్రేడుకు మారుస్తాడు. ఏ1 అన్నిటికంటే పైది. సమానమైన ఆరు కుక్కలను ఒకచోట చేర్చడమే ఆయన ఉద్యోగం. అంటే మనం రేటింగ్‌తో కనిపెట్టాలనుకునే తేడాను పందేనికి ముందే ఆయన చెరిపేసి ఉంటాడు. మిగిలే కాస్త తేడా మొదటి మలుపులో కొట్టుకుపోయేంత చిన్నది. 71.4కూ 70.9కూ మధ్య ఉన్న అర పాయింటును నమ్ముకుని డబ్బు పెట్టమనడం ఎంత అన్యాయమో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇప్పుడు కందుకూరు తమ్ముడికి సమాధానం. ఆరు కుక్కలూ సమానమని, బుకీ ఒక్కోదానికి రూపాయికి నాలుగు రూపాయల లాభం ఇస్తున్నాడని అనుకో. నువ్వు ఆరింటి మీదా వంద చొప్పున 600 పెడితే, ఏది గెలిచినా అసలుతో కలిపి 500 వస్తుంది. న్యాయమైన ధర ఒకటికి అయిదు; అతను ఒకటికి నాలుగే ఇస్తున్నాడు. ప్రతి 600లో 100 నీ రేటింగ్ తప్పా ఒప్పా అనే ప్రశ్న రాకముందే పోయింది. ఈ సాఫ్ట్‌వేర్ వాళ్లు తమ మొదటి ఎంపిక మూడింట ఒకసారి గెలుస్తుందని గొప్పగా చెబుతున్నారు. బ్రిటన్ పందేలలో ఫేవరెట్ కుక్కలు, అంటే బుకీలు అన్నిటికంటే తక్కువ లాభం ఇచ్చేవి కూడా సుమారుగా మూడింట ఒకసారి గెలుస్తాయి, దానికి చందా కట్టనక్కర్లేదు. వంద పెడితే 150 లాభం వచ్చే కుక్క మీద మూడుసార్లు పెట్టి ఒకసారి గెలిస్తే, పోయింది 300, వచ్చింది 250. ఎక్కువసార్లు గెలిచే ఎంపిక వేరు, ఇచ్చిన ధరకు మించి గెలిచే ఎంపిక వేరు. రెండోదాని గురించి వీళ్లు ఒక్క లెక్కా చూపలేదు. కుక్కకు ఏమీ తెలియకపోవచ్చు తమ్ముడూ, ధర రాసేవాడికి మాత్రం ఈ కార్డు మొత్తం తెలుసు, ఆ పొట్టి మాటలతో సహా.

నా తీర్పు: డబ్బు కట్టి ఈ రేటింగ్ తీసుకోవద్దు. పందేలను లెక్కగా చదవాలనే ఆసక్తి ఉన్నవారికి మొదటి మలుపు చిత్రం నిజంగా విలువైనది, కాని అది విడిగా దొరకదు. కార్డు దొరికితే, స్కేలు, పెన్సిలు పెట్టుకుని మీరే గీసుకోవచ్చు. నా కాగితాలను తదుపరి వీడియోలో చూపిస్తాను. తయారీదారులకు మూడు మార్పులు కోరుతూ రాశాను: రేటింగ్ వెనుక ఉన్న అయిదు పరుగులను తెరిచి చూపించడం, పొట్టి మాటలను లెక్కలో కలపడం, బెట్టింగ్ సైటును తీసేయడం. మూడోది చేయకపోతే మిగతా రెండు చేసినా మళ్లీ ఈ ఛానల్‌లో దాన్ని చూపించను.